మామూలు జార్జి రూపాయికి గ్రేడింగ్ అవసరమా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బ్రాడీపేటలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మీ నాయనమ్మగారి ట్రంకుపెట్టెలో జార్జి రాజుల బొమ్మ ఉన్న నాలుగు రూపాయి బిళ్లలు దొరికాయి. 1918ది ఒకటి, 1919ది ఒకటి, 1944ది ఒకటి, పులి బొమ్మ ఉన్న 1947ది ఒకటి. విజయవాడలో నాణేలు కొనే ఒకాయన వాటిని చూశారు. విడిగా అమ్మితే వెండి ధరే వస్తుందని, అమెరికా కంపెనీ దగ్గర గ్రేడింగ్ చేయించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేయిస్తే లక్షల్లో పలుకుతాయని చెప్పారు. ఖర్చు మీరు పెట్టుకుంటే తానే పంపిస్తానన్నారు. 1947ది అద్దంలా మెరుస్తోంది కాబట్టి కనీసం దాన్నయినా పంపుదామా అని మీరు అడిగారు.

నేను చెప్పేది ఇది. 1918, 1919 నాణేలను పంపకండి, వాటిని దేశం దాటించడానికి చట్టం కూడా ఒప్పుకోదు. 1947ది పంపితే డబ్బు దండగ. మీరు పెద్దగా పట్టించుకోని 1944 బిళ్ల ఒక్కటే ఇంకోసారి జాగ్రత్తగా చూడదగ్గది. దాన్ని కూడా ఇప్పుడే పంపొద్దు. రేపు మీ బంధువుల ఇంట్లో ఇంకో పెట్టె తెరిస్తే మీకు మీరే తేల్చుకోగలగాలి కాబట్టి కారణాలన్నీ వివరంగా రాస్తున్నాను.

గ్రేడింగ్ కంపెనీ చేసే పని మూడు ముక్కలు. నాణెం అసలుదా నకిలీదా చూస్తారు. ఎంత అరిగింది, ఎన్ని గీతలున్నాయి, అచ్చు పడిన నాటి మెరుపు ఎంత మిగిలింది అన్నది చూసి 1 నుంచి 70 వరకు ఒక అంకె ఇస్తారు. ఆ తర్వాత ఆ అంకె రాసిన చీటీతో సహా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేస్తారు. దీన్నే స్లాబ్ అంటాం. ఈ 70 అంకెల కొలత 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పాత అమెరికా సెంట్ల కోసం తయారుచేసింది. తర్వాత అన్ని నాణేలకూ వాడుకలోకి వచ్చింది. అమెరికా గ్రేడింగ్ కంపెనీలు పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు ఈ రెండే. 60, ఆ పైన అంకె వస్తే ఆ నాణెం చలామణిలో అరగలేదని అర్థం. దాన్ని ఎంఎస్ అని రాస్తారు. 50 నుంచి 58 దాకా ఏయూ, అంటే కొద్దిగా చేతులు మారింది. 40, 45 అంటే బాగానే ఉంది కానీ ఎత్తైన చోట్ల అరుగుదల కనిపిస్తుంది. అంతకంటే కింద ఉన్నవి జేబుల్లో, గల్లాపెట్టెల్లో బతికిన నాణేలు.

ఇందులో నాణెం విలువను పెంచే పని ఎక్కడా లేదు. ఉన్న విలువను మూడో మనిషి చేత ధ్రువీకరించడం వరకే. గుంటూరు మిర్చి యార్డులో తాలు కాయను కొత్త బస్తాలో పోసి సీలు వేసినా తాలు ధరే పలుకుతుంది కదా, ఇదీ అంతే. అమ్మేవాడి మాటకూ కొనేవాడి అనుమానానికీ మధ్య పెద్ద మొత్తం ఇరుక్కున్నప్పుడు మాత్రమే ఆ చీటీకి పని ఉంటుంది. వెయ్యి రూపాయల నాణెం మీద ఎవరికీ అంత అనుమానం ఉండదు, ఉన్నా దాన్ని తీర్చడానికి వేలు ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు.

ఇప్పుడు మీ 1918, 1919 బిళ్లల సంగతి. వందేళ్లు దాటిన వెండి రూపాయి అనగానే అరుదైనదని చాలామంది అనుకుంటారు. వయసుకీ అరుదుకీ సంబంధం లేదు. అప్పట్లో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. యుద్ధానికి కావలసిన సరుకులు ఇండియాలో కొనడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి వెండి రూపాయలు కుప్పలుగా కావలసి వచ్చింది. జనం కాగితం నోట్లు తెచ్చి వెండి ఇమ్మని అడుగుతున్నారు, ఖజానాలో వెండి అడుగంటుతోంది. 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తమ వెండి డాలర్లను కరిగించి ఆ వెండిని బ్రిటన్‌కు అమ్మింది. అలా కరిగించినవి మొత్తం 27 కోట్ల డాలర్లు, అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి ఇండియా కోసమే. అందువల్ల 1918లో కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ కలిసి 40 కోట్లకు పైగా రూపాయలు అచ్చువేశాయి. 1919లో అంతకంటే ఎక్కువ. మన జిల్లాల్లో ఏ పాత ఇంట్లో జార్జి రూపాయి దొరికినా అది 1917, 1918, 1919 అవడానికే ఎక్కువ అవకాశం ఉండటానికి కారణం ఇదే. నాకు చూపించడానికి తెచ్చినవాటిలో కూడా ఈ మూడు సంవత్సరాలవే ఎక్కువ.

అంత మామూలు నాణేనికి గ్రేడింగ్ కలిసి రావాలంటే అది దాదాపు టంకశాల నుంచి నేరుగా వచ్చినట్టు ఉండాలి. మీ రెండూ అలా లేవు. మీరు పంపిన ఫోటోల్లో 1919 బిళ్ల అంచున, రాజు కిరీటానికి పైన, చిన్న బొడిపెలా ఉంది చూడండి. అది ఎప్పుడో గొలుసుకి తగిలించడానికి కొక్కెం మాటు వేసి, తర్వాత తీసేసిన గుర్తు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ బిళ్లను మెడలో వేసుకునేవారేమో అడగండి. అలాంటి నాణేనికి కంపెనీలు అంకె ఇవ్వవు. 'డీటెయిల్స్' అని రాసి, పక్కన 'కొక్కెం తీసేసినది' అని లోపం పేరు రాస్తాయి. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటాయి. డీటెయిల్స్ చీటీ ఉన్న మామూలు నాణెం చాలాసార్లు చీటీ లేనిదానికంటే ఆలస్యంగా అమ్ముడవుతుంది, ఎందుకంటే లోపం ఏమిటో డబ్బా మీదే అచ్చై ఉంటుంది.

1918ది చూడటానికి తెల్లగా ఉంది. ఆ తెలుపే నన్ను ఆపింది. వందేళ్ల వెండి తెల్లగా ఉండాలంటే ఎవరో తోమి ఉండాలి. వరలక్ష్మీ వ్రతానికి ముందు పూజ సామానుతో పాటు వెండి రూపాయలు కూడా చింతపండుతోనో విభూతితోనో పీతాంబరి పౌడరుతోనో తోమడం మన ఇళ్లలో మామూలే. దేవుడి ముందు పెట్టేది శుభ్రంగా ఉండాలన్న భక్తి అది, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. నాణెం లెక్కలో మాత్రం అక్కడితో గ్రేడింగ్ కథ ముగిసింది. పొడి రుద్దితే లోహం మీద సన్నని గీతలు పడతాయి. బల్ల మీద ఒకే ఒక్క దీపం పెట్టి, బిళ్లను వేళ్ల మధ్య అంచులు పట్టుకుని నెమ్మదిగా వంచుతూ 5 రెట్ల భూతద్దంలో చూడండి. ఖాళీ జాగాల్లో, అంటే బొమ్మకీ అక్షరాలకీ మధ్య, ఒకే వైపు సాగిన వెంట్రుకల్లాంటి గీతలు గుంపులుగా కనిపిస్తే తోమినట్టే. ఆమ్లం వల్ల పై పొర పోయి ఉంటే గీతలు లేకపోయినా వెండి నిర్జీవంగా, సున్నం వేసినట్టు కనిపిస్తుంది. పాత వెండికి సహజంగా వచ్చే బూడిద రంగు, అంచుల దగ్గర నీలం, ముదురు పసుపు ఛాయలు నాణేన్ని కాపాడే పొరలు. వాటిని తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పెట్టెలో ఇంకా ఏమైనా దొరికితే ఎంత నల్లగా ఉన్నా ముట్టుకోకుండా అలాగే ఉంచండి.

ఇక చట్టం సంగతి. 1972 పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. పురావస్తువును దేశం బయటికి పంపే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారం ఇచ్చిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. మీరితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. అమ్మడానికి కాదు, గ్రేడింగ్ అయ్యాక తిరిగి వస్తుంది అన్నా బయటికి పంపడం పంపడమే. ఇక్కడి డీలరు చేతికి ఇచ్చినా నాణెం చివరికి విదేశానికే వెళ్తుంది కదా. ఈ విషయం మీకు ఆయన చెప్పలేదంటే, తెలియక చెప్పలేదో తెలిసి చెప్పలేదో నేను అనలేను. కానీ పేరు మీది, నాణెం మీది. కాబట్టి వందేళ్ల గీత దాటిన ఏ బిళ్లకైనా విదేశీ గ్రేడింగ్ అన్న ఆలోచనే పక్కన పెట్టండి. మన దేశంలోనే గ్రేడింగ్ చేసే సంస్థలు కొన్ని ఉన్నాయి, అసలుదో కాదో తేల్చుకోవడానికి అవి పనికొస్తాయి. అయితే కొనేవాళ్లు ఆ చీటీకి ఎంత ఎక్కువ ఇస్తున్నారో ముందు అమ్మకాలు చూసి తెలుసుకోవాలి.

ఈ సందర్భంలో ఒక మాట. అమరావతి, ధరణికోట వైపు పొలాలున్నవాళ్లకి దున్నేటప్పుడు శాతవాహనుల సీసపు నాణేలు దొరుకుతుంటాయి. వాటికి వర్తించేది ఇంకో చట్టం, 1878 నాటి నిధి చట్టం. భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. మీ పెట్టెకి దానితో సంబంధం లేదు కానీ గుంటూరు జిల్లా వాళ్లు చదువుతారు కాబట్టి రాశాను.

1947 పులి రూపాయి దగ్గరికి వద్దాం, మీ ఆశంతా దాని మీదే ఉంది. అది వెండి కాదు, నికెల్. అయస్కాంతం దగ్గర పెట్టండి, లటుక్కున అంటుకుంటుంది. యుద్ధం అయ్యాక అమెరికాకు వెండి తిరిగి ఇవ్వాల్సిన భారం వల్ల ప్రభుత్వం రూపాయి నాణెంలో వెండిని పూర్తిగా తీసేసింది. నికెల్‌కి ఒక గుణం ఉంది, అది వెండిలా నల్లబడదు. ఇరవై ఏళ్లు చేతులు మారినా తుడిస్తే మెరుస్తూనే ఉంటుంది. అందుకని నికెల్ బిళ్ల మెరుపు చూసి వాడనిదని అనుకోకూడదు. కొత్త నాణెం మెరుపు వేరు. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుకి పాకుతుంది, ఆ పాకిన గీతలు కంటికి కనబడనంత సన్నగా ఉంటాయి. దీపం కింద వంచితే వెలుగు రేఖలు మధ్య నుంచి చక్రం ఆకుల్లా తిరుగుతాయి. అరిగిన చోట ఆ తిరుగుడు తెగిపోతుంది. మీ ఫోటోలో రాజు చెవి మీద, చెవి పైన జుట్టు మీద, కిరీటం పట్టీ మీద వెలుగు చదునుగా ఉంది. పులి వైపు కూడా ఒంటి మీద ఎత్తుగా ఉన్న చోట చారలు కలిసిపోయాయి. ఇది బాగున్న, వాడిన నాణెం. ఆల్బమ్‌లో పెట్టుకోవడానికి చక్కగా ఉంటుంది. ఇలాంటివి విజయవాడలో నాణేల ప్రదర్శన జరిగిన ప్రతిసారీ బల్లల మీద గిన్నెల్లో పోసి అమ్ముతారు.

ఇప్పుడు 1944. 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిల్లో వెండి సగమే. బరువు మునుపటిలాగే 11.66 గ్రాములు, అందులో వెండి 5.83 గ్రాములు, మిగతాది రాగి, నికెల్, జింకు. పాత 1918 రూపాయిలో అయితే వెయ్యికి 917 వంతులు వెండి, అంటే దాదాపు 10.7 గ్రాములు. వెండి ధర లెక్కలో ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మీకు నాలుగూ ఒకే రేటు చెప్పారంటే ఆ రేటు తప్పు. నికెల్ దానికి అసలు వెండి ధరే ఉండదు. 1940ల రూపాయి అంచు చూస్తే మధ్యలో ఒక గాడి, ఆ గాడిలో చిన్న నకాషీ ఉంటుంది. వెండి తగ్గించాక నకిలీలు చేసేవాళ్లకి కష్టంగా ఉండాలని పెట్టిన భద్రతా అంచు అది. సంవత్సరం అంకె ఉన్న వైపు కింది భాగం భూతద్దంలో చూస్తే ఏ టంకశాలదో తెలిపే చిన్న గుర్తు దొరుకుతుంది. ఎల్ అక్షరం ఉంటే లాహోర్.

మీ 1944 బిళ్ల మీద గోధుమ, బూడిద కలిసిన సన్నని పొర ఉంది. మీరు దాన్ని మురికి అనుకున్నారు. నాకు మాత్రం ఆ పొర కింద మెరుపు తెగకుండా ఉన్నట్టు అనిపిస్తోంది. సగం వెండి ఉన్న ఈ మిశ్రమం త్వరగా రంగు మారుతుంది, అందుకే ఈ కాలపు రూపాయిల్లో అసలు మెరుపుతో మిగిలినవి చూడటానికి సంతోషంగా ఉంటుంది. ఫోటోలో తేల్చలేను. మీరే ఇలా చూడండి. రాత్రిపూట ట్యూబులైటు ఆపేసి ఒక్క పసుపు బల్బు కింద రాజు కనుబొమ్మ, చెవి, బుగ్గ, కిరీటం మీది శిలువ చూడండి. అక్కడ రంగు చుట్టుపక్కల కంటే వేరుగా, పలుచగా, బూడిదగా ఉంటే అరిగింది, అది ఏయూ. మెరుపు ఆ ఎత్తుల మీదుగా కూడా ఆగకుండా పాకితే అది ఎంఎస్. తర్వాత బుగ్గ మీద గాట్లు లెక్కపెట్టండి. టంకశాలలో సంచుల్లో ఒకదాని మీద ఒకటి పడి తగిలిన దెబ్బలు అవి. బుగ్గ మీద, మెడ మీద పెద్ద గాటు ఒక్కటున్నా 64 దాటడం కష్టం. వెనక్కి తిప్పితే చుట్టూ ఉన్న పూల తీగలో మొగ్గలు విడివిడిగా తెలుస్తున్నాయా చూడండి. అచ్చు బలంగా పడనివాటిలో మొగ్గలు ముద్దలా ఉంటాయి, అరిగినట్టు అనిపిస్తాయి. ఆ రెండిటికీ తేడా ఒక్కటే, అచ్చు బలహీనంగా పడినచోట మెరుపు ఉంటుంది, అరిగినచోట ఉండదు.

ఇదంతా చూసి ఎంఎస్ అని మీకు నమ్మకం కుదిరింది అనుకుందాం. అప్పుడు కూడా పంపే ముందు కాగితం మీద లెక్క వేయాలి. కింద రాసే ధరలు లెక్క పద్ధతి చూపించడానికి ఊహించినవి, మార్కెట్ ధరలు కావు. చీటీ లేకుండా మీ నాణెం 800కి అమ్ముడవుతుందనుకోండి. గ్రేడింగ్ ఫీజు, పోను రాను రవాణా, బీమా, కస్టమ్స్, మధ్యలో డీలరు తీసుకునేది అన్నీ కలిపి 4,000 అనుకోండి. డీటెయిల్స్ వస్తే 500 పలుకుతుంది, 62 వస్తే 2,500, 64 వస్తే 5,000, 65 వస్తే 12,000. ఇలాంటివే పది నాణేలు పంపితే రెండు డీటెయిల్స్, ఐదు 62, రెండు 64, ఒకటి 65 వచ్చాయనుకోండి, ఇది కాస్త ఉదారమైన అంచనానే. మొత్తం చేతికి వచ్చేది 35,500, అంటే నాణేనికి 3,550. మీరు పెట్టింది ఒక్కో నాణేనికి 4,000, పంపకుండా అమ్మితే వచ్చే 800 కూడా వదులుకున్నారు కాబట్టి 4,800. సగటున ఒక్కోదాని మీద 1,250 నష్టం. 64 వచ్చినవి రెండూ 200 చొప్పున లాభంలో ఉన్నట్టు కనిపిస్తాయి, అమ్మకంలో వేలంవాళ్ల కమీషన్ ఆ 200 మింగేస్తుంది. లాభం వచ్చింది పదిలో ఒక్కదానికే. మీ దగ్గర ఉన్నది ఒక్క నాణెం, అది ఆ పదోది అవుతుందని పందెం కాయడమే మీరు చేసేది.

ఈ లెక్కలో అసలు ధరలు పెట్టాలంటే అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు, లక్ష అని రాసిన పులి రూపాయి అక్కడ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అమ్ముడుపోయిన ధరలు కావాలి. మన దేశంలో ముంబయి, బెంగళూరు, అహ్మదాబాద్ నగరాల్లో పెద్ద నాణేల వేలం సంస్థలు ఉన్నాయి. చాలావరకు జరిగిన వేలాల ఫలితాలు వాటి వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే అంకె ఉన్న డబ్బాకి ఈ మధ్య వచ్చిన ధరలు నాలుగైదు చూసి, వాటిలో అన్నిటికంటే ఎక్కువదాన్ని వదిలేసి మిగతావాటి సగటు తీసుకోండి. ఇద్దరు పోటీపడితే ఒక్కోసారి ధర ఊరికే పైకి వెళ్తుంది, దాన్ని మీ నాణేనికి ఆశించకూడదు.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ తాము ఇప్పటిదాకా ఏ నాణేనికి ఏ అంకె ఎన్నిసార్లు ఇచ్చాయో లెక్కలు కూడా ప్రకటిస్తాయి. ఇది చాలా ఉపయోగపడే సమాచారం, చాలామందిని తప్పుదారి పట్టించేదీ ఇదే. "ప్రపంచంలో 64లో మూడే ఉన్నాయి" అని ఎవరైనా ఆ పట్టిక చూపిస్తే ఆగి ఆలోచించండి. ఆ మూడు అన్నది పంపినవాటిలో మూడు. కోట్లలో అచ్చైన చవక నాణేన్ని డబ్బు పెట్టి ఎవరూ పంపరు కాబట్టి ఆ సంఖ్య చిన్నగా ఉంటుంది. మంచి నాణేలు ఇళ్లల్లో, డీలర్ల సంచుల్లో ఇంకా ఎన్నున్నాయో ఆ పట్టికకి తెలియదు. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. కొందరు డబ్బా పగలగొట్టి ఇంకో అంకె ఎక్కువ వస్తుందేమోనని అదే నాణేన్ని మళ్లీ పంపుతారు, అప్పుడు ఒకే నాణెం రెండు మూడుసార్లు లెక్కలో పడుతుంది. పట్టికను వేలం ధరలతో కలిపి చదవాలి. పట్టికలో సంఖ్య తక్కువ, ధర కూడా తక్కువ అంటే అడిగేవాడు లేడని అర్థం.

గ్రేడింగ్‌కి నేను వ్యతిరేకిని కాదు. మీ పెట్టెలో 1939 రూపాయి ఉండి ఉంటే ఈ సమాధానం ఇంకోలా ఉండేది. ఆ సంవత్సరం రూపాయి నిజంగా అరుదు, అందుకే 1938ది తీసుకుని చివరి అంకె మార్చిన నకిలీలు తిరుగుతున్నాయి. అలాంటిదానికి అరిగి ఉన్నా సరే మూడో మనిషి ధ్రువీకరణ లేకుండా సరైన ధర రాదు. 1911 రూపాయి కూడా అంతే, రాజు వస్త్రం మీది ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని గొడవ వచ్చి, అచ్చువేసినవాటిలో ఎక్కువభాగం కరిగించేశారు. 1912 నుంచి ఏనుగు బొమ్మ సరిదిద్దారు. ఇలాంటి సంవత్సరాల నాణేల్లో అసలా నకిలీయా అన్న ప్రశ్నే ఖరీదైన ప్రశ్న. 1911కి వందేళ్లు దాటాయి కాబట్టి దాన్ని దేశంలోనే తేల్చుకోవాలి, 1939కి ఆ ఇబ్బంది ఇంకా లేదు. మామూలు సంవత్సరాల నాణెంలో అసలా కాదా అన్నది గ్రాములో భాగాలు కూడా చూపే చిన్న త్రాసుతోనే చాలావరకు తెలిసిపోతుంది. వెండి రూపాయి బరువు 11.66 గ్రాములకు దగ్గరగా ఉండి, అయస్కాంతానికి అంటకపోతే చాలావరకు సరిపోయినట్టే.

మీకు ఆ మాట చెప్పినాయన గురించి. ఆయన మోసగాడని నేను అనను. కానీ ఖర్చు మీది, పంపేది ఆయన, 'లక్షలు' అన్న మాటకి పూచీ ఎవరిదీ కాదు అన్న ఏర్పాటులో మీరు కూర్చోవద్దు. నాణేల మీద అంత నమ్మకం ఉంటే గ్రేడింగ్ ఖర్చు తాను పెట్టి, వచ్చిన లాభంలో వాటా తీసుకోమని అడగండి. ఆ జవాబుతో మీకు చాలా అర్థమవుతుంది. ఫోన్‌లో తిరిగే వీడియోల సంగతి వేరు, వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకి పది లక్షలు, ట్రాక్టర్ నోటుకి ఐదు లక్షలు అని చెప్పి చివర్లో ముందు రిజిస్ట్రేషన్ ఫీజో జీఎస్టీయో కట్టమంటారు. పాత నోట్లు, నాణేల అమ్మకాలకు తమ పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, తాము అలాంటి వ్యవహారం చేయమని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. అమ్మేవాడి దగ్గర ముందుగా డబ్బు అడిగే కొనుగోలుదారు ఉండడు.

ఎప్పుడైనా డబ్బాలో ఉన్న నాణెం కొనాల్సి వస్తే చీటీ మీది నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, ఫోటో ఉంటే గీత గీతనీ పోల్చండి. డబ్బాలకి కూడా నకిలీలు వచ్చాయి.

భద్రపరచడం గురించి కొంచెం. మన వైపు తేమ ఎక్కువ. మెత్తగా, కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చే కవర్లలో పెట్టకండి, వాటిలోని పీవీసీ ప్లాస్టిక్ ఏళ్ల మీద కరిగి నాణెం మీద ఆకుపచ్చ జిగురు పట్టిస్తుంది. కాగితం చట్రంలో మైలార్ అనే పలుచని పారదర్శక పొర కిటికీలా ఉండే చిన్న హోల్డర్లు చవకగా దొరుకుతాయి. రబ్బరు బ్యాండు వేయకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లగా మారుస్తుంది. బీరువాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. నాణేన్ని ఎప్పుడూ అంచులతో పట్టుకోండి, బొమ్మ మీద పడ్డ వేలిముద్ర కొన్నాళ్లకి లోహంలో దిగిపోతుంది, ఆ తర్వాత పోదు. హోల్డర్ మీద ఎవరి పెట్టెలో ఎప్పుడు దొరికిందో కూడా రాయండి. నాయనమ్మగారి చేతి మీదుగా వచ్చిందన్న సంగతి మార్కెట్లో పైసా తేకపోవచ్చు, మీ పిల్లలకి మాత్రం ఆ నాలుగు బిళ్లల్లో అదే ముఖ్యమవుతుంది.

1919 బిళ్ల మీది కొక్కెం గుర్తును ఎవరి చేతా అరగదీయించకండి. కంసాలి దగ్గర రెండు నిమిషాల పనే, కానీ అంచు పళ్లు కూడా పోతాయి.

1944 నాణేన్ని రాత్రి బల్బు కింద చూశాక నాలుగు ఫోటోలు తీయండి. ముందు, వెనక, అంచు, ఇంకా బుగ్గ మీద వెలుగు పడేలా పక్కకి వంచి ఒకటి. ఫ్లాష్ వద్దు, ఫోన్ కదలకుండా నాలుగు పుస్తకాల మీద పెట్టండి. కింది భాగంలో టంకశాల గుర్తు స్పష్టంగా రావాలి. అది ఏదో తెలిస్తే అదే గుర్తున్న నాణేలకి వేలాల్లో వచ్చిన ధరలు నేను కూడా వెతికి పెడతాను. బుగ్గ శుభ్రంగా ఉండి, 65 డబ్బా ధర మీ మొత్తం ఖర్చుకి మూడు రెట్లు దాటుతుంటే, ఇంకెవరైనా ఎక్కువ నాణేలు పంపుతున్నప్పుడు వాళ్లతో కలిపి పంపొచ్చు, రవాణా ఖర్చు పంచుకోవచ్చు. అంత రాకపోతే హోల్డర్‌లో పెట్టి దాచుకోండి.